లంకెకీ లింకుకీ చుట్టరికం ఉందా?

సందేహం: మా మనవడు ఫోన్‌లో ‘తాతయ్యా, లింక్ పంపాను, నొక్కి చూడు’ అని పెట్టాడు. అదే రోజు ఒక వ్యాసంలో ‘ఈ లంకె నొక్కండి’ అని చదివాను. చిన్నప్పుడు మా నాయనమ్మ లంకెబిందెల కథలు చెప్పేది. అంటే మన లంకెనే ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయి లింక్ చేసుకున్నారా? లేక వాళ్ళ లింక్‌నే మనం లంకెగా మార్చి రాస్తున్నామా? అసలు లింక్ అని రాయాలా, లింకు అని రాయాలా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: రెండూ కావండీ. వాళ్ళు మన దగ్గర తీసుకోలేదు, మనం వాళ్ళ దగ్గర తీసుకోలేదు. లంకె మనది, లింక్ వాళ్ళది. ఒకే బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరికి ముక్కూ మొహం ఒకేలా ఉన్నంత మాత్రాన అన్నదమ్ములైపోరు కదా.

ముందు మీ రెండో ప్రశ్న చూద్దాం, అది తేలిక. ఇంగ్లీషు మాట తెలుగు నోట్లో పడితే ఏమవుతుందో మనకు రోజూ కనిపిస్తూనే ఉంది. ఇంక్ ఇంకు అయింది. సింక్ సింకు అయింది. ట్రంక్ ట్రంకు అయింది, బ్యాంక్ బ్యాంకు అయింది. చివర ఒక ఉకారం వచ్చి చేరుతుంది, లోపలి అచ్చు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఆ లెక్కన లింక్ లింకు కావాలి. అయింది కూడా. లోపలి ఇకారం అకారంగా మారి, చివర ఉకారానికి బదులు ఎకారం వచ్చి లంకె కావడానికి దారి లేదు. పైగా మీ నాయనమ్మగారు ఉన్నారు సాక్ష్యానికి. ఇంగ్లీషు బడి మొహం చూడని ముసలమ్మలందరూ లంకెబిందెలు అన్నవాళ్ళే. పాతిపెట్టిన ధనం, రెండు బిందెలు, ఒకదానితో ఒకటి జతగా కట్టి ఉంటాయి. కొందరి కథల్లో ఆ బిందెలు భూమి లోపలే ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచి వెళ్ళిపోతాయి కూడా! అందుకే ఆ మాట ఎప్పుడూ బహువచనంలోనే వినిపిస్తుంది. ‘నాకో లంకెబిందె దొరికింది’ అని ఎవరూ అనరు. ఒక్కటే దొరికితే అది ఉత్త బిందె. లంకె అంటే జత, కూడిక, ఒకదాన్ని ఇంకోదానితో తగిలించడం.

ఇక మొదటి ప్రశ్న. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. ఎందుకంటే మీలాంటి అనుమానం నాకు వారానికి ఒకటైనా వస్తుంది. ప్రపంచంలోని మాటలన్నీ మన ఇంట్లోంచే వెళ్ళాయని నమ్మే మిత్రులు బెజవాడలో నాకు నలుగురున్నారు. సాయంత్రం నడకలో వాళ్ళకు ఎదురుపడితే అరగంట పోయినట్టే.

లింక్ పుట్టుక ఇదీ. ఉత్తర ఐరోపాలో, ఇప్పటి నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ వాళ్ళ పూర్వీకుల భాషలో గొలుసులోని ఒక్కో కడియానికి ఈ మాట ఉండేది. అప్పుడు మొదట్లో హకారం కూడా పలికేవారు. ఐస్‌లాండ్‌లో ఇవాళ్టికీ అది ‘హ్లెక్కుర్’. స్వీడన్‌లో ‘లెంక్’. ఆ సముద్రపు జనం ఇంగ్లండు మీద పడి, కొల్లగొట్టి, కొందరు అక్కడే కాపురం పెట్టినప్పుడు వాళ్ళ మాటలు వందల కొద్దీ ఇంగ్లీషులో కలిశాయి. అలా వచ్చినదే ఇదీనూ. జర్మన్‌లో దీని బంధువు ‘గెలెంక్’. దాని అర్థం మోకాలు, మోచేయి వంటి కీలు. అంటే ఈ కుటుంబపు పాత అర్థంలో వంగడం, వంపు ఉన్నాయి. కడ్డీని వంచితే కడియం, కడియాల్ని తగిలిస్తే గొలుసు.

డెన్మార్క్ వాళ్ళు సంకెలను, గొలుసును ‘లెంకె’ అంటారని కూడా చెప్పాలి. దాచిపెడితే అన్యాయం. ఇది వినగానే మీ అనుమానం ఇంకా గట్టిపడి ఉంటుంది. ‘చూశారా, లంకె, లెంకె!’ అని. కాని పోలిక ఎంత దగ్గరగా ఉంటే అంత జాగ్రత్తగా ఉండాలి. మాట ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళిందంటే ఎవరో మోసుకెళ్ళాలి. ఇంగ్లీషులో లింక్ 15వ శతాబ్దానికే స్థిరపడిపోయింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం రేవుకు వచ్చింది 1611లో. వాస్కో డ గామా కాలికట్‌లో దిగిందే 1498లో. మనవాళ్ళ నోట లంకె విని రాసుకోవడానికి ఇంగ్లీషువాడు ఇంకా ఓడే ఎక్కలేదు, లింక్ మాత్రం వాడి ఇంట్లో ఉంది.

నిజంగా మన నోట్లోంచి వెళ్ళిన మాట ఎలా ఉంటుందో చూడండి: పందికొక్కు. ఇంగ్లీషులో అది ‘బాండికూట్’ అయింది. ఇక్కడికి వచ్చినవాడికి ఆ జంతువు కొత్త, దానికి వాడి భాషలో పేరు లేదు, మన పేరే తీసుకుపోయాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడ ఏదో పొడుగు మూతి జంతువు కనిపిస్తే దానికీ అదే పేరు తగిలించాడు. మన గాదెల కింద ధాన్యం తిన్న పందికొక్కు అలా సముద్రాలు దాటింది. మోసుకెళ్ళినవాడు, వెళ్ళిన కాలం, వెళ్ళాల్సిన అవసరం, మూడూ కనిపిస్తున్నాయి ఇక్కడ. లంకె విషయంలో మూడింట్లో ఒక్కటీ లేదు.

ఉత్త పోలిక ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటి మీ ఊరి పేరులోనే ఉంది. భూమిని కొలిచే ఇనప గొలుసును 1620లో రూపొందించిన ఇంగ్లీషు గణితవేత్త పేరు ఎడ్మండ్ గుంటర్. గుంటర్ గొలుసు అంటారు దాన్ని. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఒక్కో లింకు 7.92 అంగుళాలు. పేరు విని ఆయన గుంటూరాయన అనుకుంటే ఎలా ఉంటుంది? గుంటూరులో పుట్టి, లంకెల గొలుసు తయారుచేసి, లండన్ వెళ్ళిపోయాడని కథ అల్లేయొచ్చు. సాయంత్రం నడక మిత్రులకు ఇది చెప్పకండి, మీకు పుణ్యముంటుంది.

హాస్యం పక్కన పెడితే, ఆ గొలుసు మన జీవితంలోకి లోతుగానే వచ్చింది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో స్థలం అమ్మేవాడైనా కొనేవాడైనా మాట్లాడేది సెంట్లలో. ‘మూడు సెంట్లలో ఇల్లు’, ‘అరసెంటు దారికి పోయింది’ అంటాం. ఆ సెంటు అంటే సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. లెక్క వేసుకోండి: 435.6 చదరపు అడుగులు, మన గజాల్లో 48.4. పది చదరపు గొలుసులైతే ఎకరం. మా ఇంట్లో ఒక పాత సర్వే పటం నకలు ఉంది, మా నాన్న వాటా పంపకాలప్పుడు తీయించింది. పసుపుపచ్చబడిన కాగితం మీద పొలం ఆకారం, ప్రతి గీత పక్కన ఒక అంకె. 212, 87, 340 అని. చిన్నప్పుడు అవి అడుగులనుకునేవాణ్ణి. గట్ల మీద నడిచి లెక్కపెడితే ఎంతకీ సరిపోయేవి కావు. ‘అవి లింకులురా’ అని తర్వాత ఎప్పుడో గొలుసు పట్టుకొచ్చిన చైన్‌మన్ చెప్పాడు. ఫోన్లూ ఇంటర్నెట్టూ రాకముందు పల్లెటూరి రైతుకు లింకు అంటే ఇదే.

ఆ పాత అర్థం ఇంకా బతికి ఉన్న చోటు మరొకటి, బంగారం కొట్టు. ఈ మధ్య మా ఆవిడ గొలుసు తెగితే పట్నంబజారు తీసుకెళ్ళాం. పనాయన అద్దం కంటికి పెట్టుకుని, చిమటాతో ఒక కడియాన్ని పట్టి చూపించి, ‘ఈ లింకు అరిగిపోయిందండీ, టాకా వెయ్యాలి’ అన్నాడు. నాలోని మాస్టారు ఊరుకోడుగా! ‘దీన్ని తెలుగులో ఏమంటారయ్యా?’ అని అడిగాను. ఆయన అద్దం తీసి నా వంక ఒకసారి చూసి, ‘లింకే అంటామండీ’ అన్నాడు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. వెయ్యేళ్ళ కిందట ఉత్తర సముద్రం ఒడ్డున కమ్మరి దేన్ని చూసి ఆ మాట అన్నాడో, పట్నంబజారులో ఈయనా దాన్ని చూసే అన్నాడు. ఆధార్ లింకు, పాన్ లింకు అంటున్న మనమే ఆ కడియాన్ని మరిచిపోయాం.

ఇంగ్లీషులో లింక్ అనే రూపంతో ఇంకో రెండు మాటలున్నాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు. ఒకటి కాగడా. వీధిదీపాలు లేని రోజుల్లో లండన్‌లో డబ్బులిస్తే కాగడా పట్టుకుని ముందు నడిచే కుర్రాళ్ళుండేవారు. ఇంకొకటి గోల్ఫ్ ఆడే నేల, అది మిట్టనేలకు ఉన్న పాత పేరు నుంచి వచ్చింది. గేదె పాలకీ, ఆస్తిలో మన పాలుకీ ఏ బంధుత్వం ఉందో వీటికీ అంతే.

అయితే భాషల మధ్య చుట్టరికాలే లేవా అంటే ఉన్నాయి. అవి మనం వెతికే చోట ఉండవు, అదే చిక్కు. తమిళంలో ఎనిమిదిని ‘ఎట్టు’ అంటారు. ఇంగ్లీషులో ‘ఎయిట్’. విన్నవాడెవడైనా ఈ రెండూ ఒకటే అంటాడు. కాదు. తమిళ ఎట్టుకు నిజమైన తోబుట్టువు మన ఎనిమిది. ఎనభైలో, తమిళ ‘ఎణ్బదు’లో ఉన్న ‘ఎన్/ఎణ్’ చూడండి, తెలిసిపోతుంది. ఇంగ్లీషు ఎయిట్‌కు తోబుట్టువు సంస్కృత ‘అష్ట’, లాటిన్ ‘ఓక్టో’. పైకి పోలిక లేని ఎనిమిదీ ఎట్టూ ఒక ఇంటివి, అచ్చు గుద్దినట్టున్న ఎట్టూ ఎయిట్టూ వేరే ఇళ్ళవి. ఇలాగే మన ‘లేదు’, తమిళ ‘ఇల్లై’ ఒకటే వేరు. మన ‘లో’, వాళ్ళ ‘ఉళ్’ ఒకటే. మన ‘రోలు’, వాళ్ళ ‘ఉరల్’ ఒకటే. మన ‘రెండు’, వాళ్ళ ‘ఇరండు’ ఒకటే. వాళ్ళ దగ్గర ముందున్న అచ్చు మన దగ్గర చోటు మార్చుకుంది. ఒక్క మాటలో కాదు, వరసగా ఇన్ని మాటల్లో ఒకే పద్ధతిలో జరిగింది. చుట్టరికాన్ని నిలబెట్టేది ఆ పద్ధతి. ఒక్క మాట ఒక్క మాటలా వినపడటం కాదు.

ఇప్పుడు తమాషా వినండి. లింక్‌కూ లంకెకూ చుట్టరికం లేదన్నానా, అదే అర్థంలో మనం రోజూ వాడే మిగతా మాటలకు మాత్రం ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట కొనే బాండ్ పేపర్ ఉంది చూశారూ, ఆ బాండ్‌కీ ‘సంబంధం’లోని బంధానికీ వేరు ఒకటే, కట్టడం. ‘కాలేజీలో జాయినయ్యాడు’ అంటామే, ఆ జాయిన్ లాటిన్ ‘యుంగెరె’ మీదుగా వచ్చింది. దానికీ సంస్కృత ‘యుజ్’ ధాతువుకీ మూలం ఒకటే. యోగం, సంయోగం, యుగళం అన్నీ ఆ ధాతువువే. సంస్కృతంలో యుగం అంటే కాడి అనే అర్థం కూడా ఉంది, ఇంగ్లీషులో కాడిని ‘యోక్’ అంటారు. రెండు ఎడ్లను కలిపే కాడి దగ్గర మొదలైన మాట ఇటు యోగాసనాల దాకా, అటు కాలేజీ అడ్మిషన్ దాకా వచ్చింది.

అన్నట్టు ‘జంక్షన్’ కూడా ఆ ఇంటి పిల్లే. విజయవాడ జంక్షన్ అని స్టేషన్ బోర్డు మీద చదివినప్పుడల్లా నాకు సంయోగం గుర్తొస్తుంది. చిత్రమేమిటంటే బెజవాడ, గుంటూరు జనం ఆ మాటను రైల్వేకి వదిలేశారు. నాలుగు రోడ్లు కలిసే చోటును విశాఖలో జంక్షన్ అంటే, మన దగ్గర సెంటరు అంటాం. గుంటూరులో లాడ్జి సెంటర్ని ఎవరైనా ‘లాడ్జి జంక్షన్’ అన్నారంటే వాళ్ళు ఆ పూటే బస్సు దిగారని అర్థం. రైల్వేవాళ్ళకు లింకు కూడా వేరే. డ్రైవర్లూ గార్డులూ ఏ రోజు ఏ బండి ఎక్కాలో చెప్పే డ్యూటీ వరసను వాళ్ళు లింకు అంటారు. ‘ఈ లింకులో నాకు పండక్కి ఇల్లు లేదు’ అని మా పక్కింటాయన అంటే మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు.

మరొక్కటి కూడా ముందే చెప్పేస్తాను, లేకపోతే వచ్చే వారం ఉత్తరం వస్తుంది. కృష్ణలంకలోని లంకకూ ఈ లంకెకూ ముడి పెట్టకండి. లంక చుట్టూ నీళ్ళు తిరిగి ఒడ్డు నుంచి విడిపోయిన నేల. లంకె కలిపేది. బోడిగుండుకీ మోకాలికీ ముడివేయడమంటే అదే.

సరే, పుట్టుక సంగతి తేలింది. మరి లింక్‌కు బదులు లంకె అని రాయడం తప్పా? తప్పు కాదు. చుట్టం కానంత మాత్రాన ఆ పని చేయకూడదని లేదు. అంతర్జాలంలో తెలుగు రాసేవాళ్ళు చాలా ఏళ్ళుగా లంకె వాడుతున్నారు, బాగానే కుదిరింది. చిన్న మాట, పలకడానికి హాయి, అర్థం కూడా సరిగ్గా అదే. వినగానే లింక్ గుర్తుకు రావడం దానికి కలిసొచ్చిన అదృష్టం. కొత్తవాడికి విడమరిచి చెప్పే పని తప్పుతుంది. ‘దానికీ దీనికీ లంకె పెట్టకు’ అని మనం ఎటూ అంటూనే ఉన్నాం.

కాని ఇంగ్లీషువాడు లింక్ అన్న ప్రతి చోటా లంకె పెడతానంటే మాత్రం ఒప్పుకోను. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టుకున్న చోట తెలుగుకు అరడజను ఉన్నాయి. సాక్షి పొద్దున చెప్పినదానికీ సాయంత్రం చెప్పినదానికీ ‘లింకు కుదరలేదు’ అంటున్నారు ఈ మధ్య. అక్కడ మనకు ‘పొంతన’ ఉంది. పొంతన లేదు అంటే చాలు, ఎదుటివాడి ముఖం మీద కొట్టినట్టుంటుంది. మనుషుల మధ్యయితే చుట్టరికం, స్నేహితుల మధ్యయితే పొత్తు. నగ రెండు కొసల్నీ కలిపే చోటు ‘కొలికి’. వ్యవహారం ఒక కొలిక్కి వచ్చింది అన్నప్పుడు మనం ఆ నగ కొక్కేన్నే తలుచుకుంటున్నాం, తెలియకుండానే. పత్రికలవాళ్ళ ‘అనుసంధానం’ నదులకు బాగుంటుంది. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసినప్పుడు నదుల అనుసంధానం అని పత్రికలన్నీ రాశాయి. అంత నీటికి అంత పెద్ద మాట నప్పింది. అదే మాటను ‘ఆధార్ సంఖ్య అనుసంధాన ప్రక్రియ’ అని బోర్డు మీద రాస్తే, కౌంటరు ముందు నిలబడ్డ పెద్దావిడ పక్కవాణ్ణి అడుగుతుంది, ‘ఇక్కడ ఆధారు లింకు చేస్తారా నాయనా?’ అని. అక్కడ లింకే తెలుగు. ఆవిడ నోట్లో అది ఎప్పుడో తెలుగైపోయింది.

ఇంకో వాడుక ఉంది. ‘వాళ్ళిద్దరికీ ఏదో లింకుందట’ అని గొంతు తగ్గించి చెప్పుకునేది. అక్కడ లంకె పెడితే గుసగుసలోని రుచి పోతుంది, వదిలేద్దాం.

లింక్ అని రాయాలా, లింకు అని రాయాలా అన్నారు. విడిగా రాసేటప్పుడు లింకు అనే రాయండి. విభక్తి చేరినా అదే బాగుంటుంది: లింకును నొక్కండి, లింకులో ఉంది, లింకులు పంపాను. లింక్‌ను, లింక్‌లో అని పొల్లు పక్కన ప్రత్యయం అతికిస్తే చదివేటప్పుడు నాలుక తట్టుకుంటుంది. చేయు, అవు చేరినప్పుడు మాత్రం లింక్ చేశాడు, లింకయింది అని రెండు రకాలుగానూ వినిపిస్తోంది, రెండూ ఒప్పే. మీ మనవడు లింక్ అని పొల్లుతో పంపాడని అతన్ని దిద్దకండి. తెలుగు లిపిలో పంపాడు, ఆ మాత్రానికి సంతోషించండి. నాకు మా మనవరాలి దగ్గర ఆ భాగ్యం కూడా లేదు.